దద్దుర్లకు ఆక్యుపంక్చర్: మాత్ర మానేసి సూదులకు పోవచ్చా?

ప్రశ్న: షాంఘైలో ఉద్యోగం, వయసు 36. నాలుగు నెలలుగా దద్దుర్లు. రాత్రి పది దాటితే నడుము చుట్టూ, తొడల మీద లేస్తాయి, తెల్లారేసరికి మాయం. సెట్రిజిన్ మాత్ర వేసుకుంటే ఊరుకుంటాయి, మానేస్తే మూడో రోజుకల్లా మళ్లీ హాజరు. ఆఫీసులో చైనా మిత్రుడు వాళ్ల సంప్రదాయ ఆసుపత్రిలో సూదులు వేయించుకోమంటున్నాడు. విజయవాడలో అమ్మేమో వద్దంటే వద్దంటోంది. మాత్ర మానేసి ఆక్యుపంక్చర్‌కి వెళ్లొచ్చా?

సమాధానం:

మాత్ర మానకండి. సూదులు వేయించుకోవాలని ఉంటే వేయించుకోండి. ఈ రెండింటికీ పోటీ పెట్టడంలోనే చిక్కంతా ఉంది.

ముందు నా సంగతి. నేను చర్మవ్యాధుల స్పెషలిస్టును కాను. నాన్‌జింగ్‌లో ఎంబీబీఎస్ చదివాను, మనవాళ్లు చాలామంది చదివే ఇంగ్లిష్ మీడియం కోర్సే. అందులో చైనా సంప్రదాయ వైద్యం, వాళ్ల మాటలో జోంగ్‌యీ, ఒక సబ్జెక్టు. అందరూ పాసు మార్కుల కోసం చదివి వదిలేస్తారు. నన్ను మాత్రం అది పట్టుకుంది. డిగ్రీ అయ్యాక ఇంటికి రాకుండా రెండేళ్లు అక్కడి సూదుల విభాగంలో పని నేర్చుకున్నాను. తర్వాత వచ్చి ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కి జనరల్ ప్రాక్టీసులో ఉన్నాను. మందులూ రాస్తాను, సూదులూ వేస్తాను.

దురద అనగానే నాకు మొదట గుర్తొచ్చేది నేను చేసిన తప్పు. నాలుగో ఏడాదిలో ఉండగా మా హాస్టల్లో ఒక జూనియర్‌కి దురద పట్టుకుంది. రాత్రయితే చాలు, గీరుకుని గీరుకుని నిద్ర ఉండేది కాదు. నాకేమో అప్పుడే సూది పట్టడం వచ్చిన కొత్త. ‘పడుకోరా, నేను చూస్తాగా’ అని పదిహేను రోజులు, రోజు విడిచి రోజు, మోచేతులకీ మోకాళ్ల పైనా గుచ్చాను. గుచ్చిన రాత్రి కాస్త కునుకు పట్టేది. మర్నాడు మళ్లీ మామూలే. ఇంతలో పక్క మంచం వాడూ గీరుకోవడం మొదలెట్టాడు. ఇక లాభం లేదని మా గురువుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాలుక చూడలేదు, నాడి పట్టలేదు. వాడి చెయ్యి లాగి, వేళ్ల సందులు విడదీసి, కిటికీ వెలుతురులోకి తిప్పారు. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి బూడిదరంగు గీత, అర సెంటీమీటరు కూడా ఉండదు, చివర ఒక చుక్క. గజ్జి. పురుగు తవ్వుకున్న సొరంగం అది. ‘ఒక్కొక్క పురుగునీ సూదితో పొడిచి చంపుదామనా?’ అన్నారు నా వైపు చూసి.

5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాళ్ల దాకా రాత్రి పట్టించి పొద్దున కడుక్కోవడం, వారం తర్వాత మరోసారి, గదిలో ఉన్న నలుగురూ ఒకే రాత్రి, దుప్పట్లూ బట్టలూ వేడినీళ్లలో. దానికి కావలసిన వైద్యం అదీ. నేను పోగొట్టిన పదిహేను రోజుల్లో గజ్జి నాలుగు గదులకు పాకింది. సూది పనిచేయలేదని కాదు, పనిచేసింది కాబట్టే అసలు సంగతి బయటపడడం ఆలస్యమైంది. గుచ్చిన రాత్రి వాడు నిద్రపోకపోయి ఉంటే రెండో రోజే పట్టుకెళ్లేవాణ్ణి.

అప్పటి నుంచి దురద దేనివల్లో తేలకుండా సూది ముట్టుకోను. మీది గజ్జి కాదని మీరు రాసిన తీరే చెబుతోంది. దద్దురు లేచి 24 గంటల్లోపు మచ్చ లేకుండా పోతుంటే అది ఉర్టికేరియా. ఆరు వారాలు దాటింది కాబట్టి దీర్ఘకాలికం. ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. అప్పుడే లేచిన దద్దురు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి టైము రాసుకోండి. మర్నాడు అదే టైముకి ఆ గీత లోపల ఇంకా ఉందంటే, లేదా కమిలిన మచ్చ మిగిలిందంటే, లేదా దురద బదులు నొప్పిగా ఉందంటే, అది మామూలు దద్దురు కాకపోవచ్చు, రక్తనాళాల వాపు కావచ్చు. అప్పుడు చర్మం ముక్క తీసి చూడాల్సి ఉంటుంది. పెన్ను మూతతో ముంజేతి మీద గట్టిగా ఒక గీత గీసి పది నిమిషాలు ఆగి చూడండి. తాడులాగా ఉబ్బితే మీది గీకుడుకీ రాపిడికీ లేచే రకం. నడుము చుట్టూ అంటున్నారు కాబట్టి బెల్టు, ప్యాంటు ఎలాస్టిక్ మీద నా అనుమానం.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకొక మాట. చర్మం మీద ఏమీ కనబడకుండా ఒళ్లంతా దురద పెడుతుంటే, వారాల తరబడి తగ్గకపోతే, ముందు రక్తపరీక్ష. కిడ్నీ, లివర్, థైరాయిడ్, ఇనుము, షుగర్. దానితో పాటు బరువు తగ్గడం, రాత్రి చెమటలు పట్టడం ఉంటే ఇంకా తొందరపడాలి. నిండు నెలల గర్భిణికి అరచేతుల్లో, అరికాళ్లలో దురద మొదలైతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, అది పిత్తం కదలక వచ్చే దురద కావచ్చు, కడుపులో బిడ్డకు ముప్పు. ఇక గుండ్రంగా అంచు కట్టి పాకుతుంటే తామర. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాసి రాసి దాన్ని మనవాళ్లు మొండి తామర చేసుకుంటున్నారు. వీటిలో ఏ ఒక్కదానికీ ఆక్యుపంక్చర్ వైద్యం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చైనా వైద్యం లెక్కలో దురదకు మొదటి ముద్దాయి గాలి, ‘ఫంగ్’. చెప్పి రాదు, ఒకచోట నిలవదు, ఇక్కడ పట్టుకుంటే అక్కడ లేస్తుంది. దద్దురుని వాళ్లు ‘ఫంగ్‌థువాన్’ అంటారు, గాలి ముద్ద అని. ఉర్టికేరియాకి పాతకాలం పేరు ‘యిన్‌జెన్’, దాక్కునే దద్దు. రాత్రి లేచి తెల్లారేసరికి దాక్కుంటోందని మీరు రాశారు చూడండి, ఆ పేరు పెట్టినవాడు చూసిందీ అదే. ఎగ్జిమాను మాత్రం ‘షిజెన్’ అంటారు, చెమ్మ దద్దు. అక్కడ ముద్దాయి చెమ్మ. ముసలివాళ్లకు చలికాలంలో కాళ్లు పొట్టు రేగి దురద పెడితే రక్తం చాలక చర్మం ఎండిందంటారు. ఒకే దురదకు ముగ్గురు మనుషుల్లో మూడు కారణాలు చెబుతారు, మూడు రకాలుగా గుచ్చుతారు. వాళ్ల విద్యార్థులందరికీ కంఠతా వచ్చే సామెత ఒకటుంది: గాలికి వైద్యం చేయాలంటే ముందు రక్తానికి చెయ్యి, రక్తం ఆడితే గాలి తనంతట తానే చస్తుంది అని.

మన వాతం, వాళ్ల ఫంగ్ ఒకటే అని కొందరు ముడిపెడతారు. ఆయుర్వేదంలో దద్దుర్లకు శీతపిత్తం అని పేరు, అక్కడి లెక్క వేరు. పేర్ల దగ్గర పోలిక చూసి ఆ కషాయాలూ ఈ కషాయాలూ కలిపి తాగకండి.

పథ్యం దగ్గర మాత్రం పోలిక భలే ఉంటుంది. ‘ఫావూ’ అని ఒక చిట్టా చెబుతారు, రోగాన్ని రేపే తిండి అన్నమాట: రొయ్యలు, పీతలు, వేటమాంసం, వెదురు చిగుళ్లు. దద్దుర్లున్నవాళ్ల విస్తట్లో వంకాయ పడనివ్వని మన అమ్మమ్మలు విన్నారంటే వెంటనే చుట్టరికం కలుపుకుంటారు. నిజానికి నెలల తరబడి ఉండే దద్దుర్లకు తిండి కారణం కావడం అరుదు. తిన్న గంటలో ప్రతిసారీ లేస్తుంటే ఆ ఒక్కటీ మానండి. అంతకంటే ముందు చూసుకోవలసింది మందు పార్టీలు, ఇంకా తలనొప్పికీ ఒళ్లు నొప్పులకీ వేసుకునే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు. ఇవి దద్దుర్లను రేపుతాయని బాగా తెలిసిన విషయమే.

సూది ఎక్కడ పడుతుందంటే, మీ లాంటి కేసులో దాదాపు ఎవరైనా మొదలుపెట్టేది రెండు చోట్ల. ఒకటి ‘చ్యూచి’, పుస్తకాల నంబరు ఎల్‌ఐ 11. మోచెయ్యి మడవండి. మడత గీత బయటివైపు ఎక్కడ ఆగిపోయిందో చూడండి. ఆ కొసకీ, పక్కనున్న ఎముక బుడిపెకీ నడుమ వేలితో నొక్కితే జివ్వుమంటుంది. అదే. రెండోది ‘శ్వేహై’, ఎస్‌పీ 10, రక్త సముద్రం అని అర్థం. గాలికి ముందు రక్తం అన్న సామెత పనిచేసేది ఇక్కడే. ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ మోకాలి చిప్ప మీద మీ కుడి అరచెయ్యి బోర్లించండి. బొటనవేలిని ఏటవాలుగా తొడ లోపలివైపుకు పెడితే దాని కొస ఆనే కండ మీద ఉంటుంది. వీటికి తోడు లోపలి చీలమండకు నాలుగు వేళ్లు పైన సాన్‌యిన్‌జియావ్. మోకాలి కింద జూసాన్‌లీ. కాళ్ల మీద దద్దుర్లు ఎక్కువైతే తొడ పక్కన ఫంగ్‌షి, అంటే గాలి బజారు: నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే నడిమివేలు తగిలే చోటు. దురద పుండ్లన్నీ గుండె ఖాతాలోవని వాళ్ల ప్రాచీన గ్రంథంలో ఒక మాట ఉంది. వాళ్ల లెక్కలో మనసు ఉండేది గుండెలో. అందుకని నిద్ర పట్టనివాళ్లకు మణికట్టు దగ్గర షెన్‌మెన్ కూడా కలుపుతారు. నా అనుభవంలో రాత్రి దురదకు ఇది కలపడం వృథా పోదు.

సూది మందం 0.25 మిల్లీమీటర్లు. రక్తం తీసే సూదిలో మూడో వంతు, బోలు ఉండదు, లోపల మందు ఉండదు. చర్మం దాటేటప్పుడు చీమ కుట్టినట్టుంటుంది. అసలుది ఆ తర్వాత వస్తుంది. చ్యూచిలో రెండున్నర, మూడు సెంటీమీటర్లు దిగాక సూదిని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు ముంజెయ్యి పొడుగునా ఏదో పాకుతుంది. చైనావాళ్లు దానికి నాలుగు మాటలు వాడతారు: సువాన్, మా, జాంగ్, జోంగ్. పులుపు, తిమ్మిరి, ఉబ్బరం, బరువు. ఒళ్లు సలుపుకీ నాలుక పులుపుకీ వాళ్లకు ఒకటే మాట. మా పేషెంట్లు మాత్రం ‘లాగుతోందండీ’ అంటారు, నాకు అది చాలు. లాగుతోందన్నాక తిప్పడం ఆపి అరగంట వదిలేస్తాను. నా మీద నేను వేసుకున్న మొదటి సూది లాగిన లాగుడికి చేతిలో టీ కప్పు ఒలికింది, అందుకే ఇప్పటికీ పేషెంటు చేతిలో ఫోన్ కూడా ఉంచనివ్వను.

దద్దుర్లకు అక్కడ ఇంకొకటి కూడా చేస్తారు, చూస్తే నవ్వొస్తుంది. బొడ్డు మీద గాజు బుడ్డి. దూది ఉండకు స్పిరిట్ అంటించి, ఆ మంటను బుడ్డిలో ఒక్క క్షణం తిప్పి తీసి, టప్పున బొడ్డు మీద బోర్లిస్తారు. పొట్ట చర్మం బన్ను పొంగినట్టు లోపలికి లేస్తుంది. ఐదు నిమిషాలు ఉంచి లాగేసి మళ్లీ పెడతారు. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే ప్రమాదం తక్కువ, గుండ్రటి ఎర్రమచ్చ నాలుగైదు రోజులుంటుంది. ఇక సూదుల విభాగంలో అడుగు పెట్టగానే కొట్టే పొగ వాసన మాక్సాది, అంటే ఒంటికి దగ్గరగా కాల్చి వేడి తగిలించే ఎండుటాకు ముద్దది. దాని ఆకు మన మాచిపత్రికి దగ్గర చుట్టం, వినాయక చవితి పత్రిలో వాసన చూసినవాళ్లు గుర్తుపడతారు. వేడికి, చెమటకి లేచే దద్దుర్లయితే ఆ పొగ వేడి మీకొద్దని ముందే చెప్పండి.

ఇదంతా పనిచేస్తుందా? దీని మీద వచ్చిన ప్రయోగాల్లో మూడింటి గురించే చెబుతాను, మూడూ మూడు రకాలుగా ఉపయోగపడతాయి.

2010లో మ్యూనిక్‌లో ఎగ్జిమా ఉన్న 30 మందికి, వాళ్లకు పడని దుమ్ము పురుగు లేదా గడ్డి పుప్పొడి చర్మం మీద గుచ్చి దురద పుట్టించారు. ఒకసారి చ్యూచి, శ్వేహైలలో సూదులు, ఒకసారి సంబంధం లేని చోట సూదులు, ఒకసారి ఏమీ లేదు, వరస మార్చి అందరికీ మూడూ చేశారు. వంద మార్కుల స్కేలు మీద దురద సరైన చోట గుచ్చితే సుమారు 36, తప్పు చోట గుచ్చితే 40, గుచ్చకపోతే 46. తేడా ఉంది. కానీ 36కీ 40కీ మధ్య ఎంతుందో మీరే చూడండి. సూది పడడం అనే పనిలోనే సగం పైగా ఉపశమనం ఉంది, ఎక్కడ పడిందన్నది తర్వాతి మాట.

రెండోది 2023లో వచ్చింది, సరిగ్గా మీ జబ్బు మీదే. చైనాలో దీర్ఘకాలిక దద్దుర్లున్న 330 మంది, నాలుగు వారాల్లో 16 సార్లు సూదులు. దద్దుర్ల వారపు స్కోరు 42కి వేస్తారు. అది నిజమైన సూదులతో 8 పాయింట్ల దాకా తగ్గింది, ఉత్తుత్తి సూదులతో 4, ఊరికే వేచి చూసినవాళ్లకు 2. లెక్కల్లో తేడా ఖాయంగా ఉంది. కానీ రోగికి హాయిగా తెలియాలంటే కనీసం 10 పాయింట్లు ఉండాలని వాళ్లు పెట్టుకున్న గీతకు అది అందలేదు. ఈ ఫలితం చూసి మా సర్కిల్లో కొందరు మొహం మాడ్చుకున్నారు. నాకు మాత్రం నేను రోజూ చూసేదే అంకెల్లో కనిపించింది: ఊరట, నయం కాదు.

మూడోది 2005 నాటిది, తైవాన్. డయాలసిస్ మీద ఉండి ఏ మందుకీ దురద తగ్గని 40 మందిలో కొందరికి ఒక్క చ్యూచిలోనే, ఒకే చేతికి, వారానికి మూడుసార్లు చొప్పున నెల రోజులు. పోల్చడానికి మిగతావాళ్లకు రెండు సెంటీమీటర్లు పక్కన గుచ్చారు. మూడు నెలల తర్వాత చూసినా సరైన చోట సూది పడినవాళ్లకే దురద తక్కువగా ఉంది. చిన్న ప్రయోగమే. కానీ శ్రీకాకుళం వైపు కొంతకాలం పనిచేశాను, ఉద్దానం కిడ్నీ రోగులు డయాలసిస్ బల్ల మీద నాలుగు గంటలూ వీపు రాసుకుంటూ పడుకోవడం చూశాను. అలాంటివాళ్లకు మందుతో పాటు ఏ కాస్త తగ్గినా నేను చేస్తాను. ఒక్క షరతు: ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం, ఉన్న చేతికి సూది తగలకూడదు, రెండో చేతికే.

ఎందుకు తగ్గుతుందనే దానికి నాకు నచ్చిన వివరణ ఒకటుంది. దురదను మోసే నరాలు చాలా సన్నవి, నింపాదిగా నడిచేవి. సూది లాగుడు వెన్నుపాములో వాటి గొంతు నొక్కుతుంది. దురద పుట్టినచోట మనం గోకడం, గిల్లుకోవడం కూడా అదే పని, కాకపోతే గోరు చర్మాన్ని చీలుస్తుంది. బీజింగ్‌లో హాన్ జీషంగ్ అనే శాస్త్రవేత్త సూదులకు కరెంటు ఇచ్చి చూపించిన సంగతి ఇక్కడ కలుస్తుంది: సెకనుకు 2 సార్లు ఇస్తే ఒక రకం, 100 సార్లు ఇస్తే డైనార్ఫిన్ అనే మరో రకం రసాయనం వెన్నుపాములో విడుదలవుతాయి. డైనార్ఫిన్ వెళ్లి పట్టుకునే గ్రాహకం తాళం లాంటిది, దాని పేరు కప్పా. డయాలసిస్ దురదకు 2021లో అమెరికా ఆమోదించిన డైఫెలికెఫాలిన్ అనే ఇంజెక్షన్ తెరిచేదీ సరిగ్గా ఆ తాళాన్నే.

అందుకే మాత్ర మానకండి అన్నాను. సెట్రిజిన్ దద్దురును ఎక్కడ పుడుతుందో అక్కడ ఆపుతుంది, సూది దురద కబురు పైకి పోయే దారిలో అడ్డుపడుతుంది. పైగా మీరు మాత్ర వాడే తీరులో ఒక లోపం కనబడుతోంది. తగ్గగానే మానేస్తున్నారు. దీర్ఘకాలిక దద్దుర్లకు మాత్ర లేచినప్పుడు వేసుకునేది కాదు, లేవకుండా రోజూ వేసుకునేది. రోజుకు ఒకటితో ఆగకపోతే డాక్టరు చూసి నాలుగింతల దాకా పెంచవచ్చు, అదీ చాలకపోతే ఒమలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. అలవాటు పడిపోతామేమో అని అమ్మ భయపడుతుంటే, అదేమీ మత్తుమందు కాదని చెప్పండి. జబ్బు తన కాలం తాను తీరాక పోతుంది, చాలామందికి ఏడాది నుంచి ఐదేళ్లలో. ఒక్క జాగ్రత్త ఉంది. నెలల తరబడి రోజూ వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తే కొద్దిమందికి విపరీతమైన దురద వస్తోందని 2025లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సెట్రిజిన్ మీద హెచ్చరిక పెట్టింది. మీ మూడో రోజు దురదలో దాని వాటా కొంత ఉండవచ్చు. కాబట్టి మానే రోజు వచ్చినా డాక్టరును అడిగి మెల్లగా దించుకోండి.

వెళ్లే పద్ధతి ఇది. జోంగ్‌యీ ఆసుపత్రుల్లో చర్మ విభాగం వేరు, సూదుల విభాగం వేరు, పేరు నమోదు కౌంటరులో అడుగుతారు. మొదటిరోజు చర్మ విభాగంలో చూపించుకుని, జబ్బు పేరు కాగితం మీద రాయించుకుని, అప్పుడు సూదులకు వెళ్లండి. దురదను ‘యాంగ్’ అనాలి, స్వరం దిగి లేవాలి. నేను మొదటివారం నేరుగా పైకి ఎత్తి పలికి, ‘నాకు రాత్రంతా గొర్రె’ అని నర్సుకు చెప్పినవాణ్ణి. చేత్తో గోకి చూపించండి, అదే మేలు. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి. ‘యీత్సిషింగ్’ అంటే ఒకసారి వాడి పారేసేది, ఆ ఒక్క మాట నేర్చుకోండి. అమ్మ భయం ఇన్ఫెక్షన్ గురించి అయితే ఆ ప్యాకెట్ ఫోటో పంపండి. చైనా వైద్యమనే భయమైతే, 1938లో మన దేశం నుంచి చైనాకు వెళ్లిన అయిదుగురు డాక్టర్ల బృందం గురించి చెప్పండి. అందులో కోట్నిస్ పేరు అందరికీ తెలుసు. అదే బృందంలోని బి.కె. బసు 1950ల చివర మళ్లీ అక్కడికి వెళ్లి ఈ సూదులు నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు.

ఖాళీ కడుపుతో వెళ్లకండి. మొదటిసారి కళ్లు తిరిగేది ఎక్కువగా పొద్దున ఏమీ తినకుండా వచ్చిన మగవాళ్లకే. పడుకుని వేయించుకోండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, నికెల్ పడకపోతే ముందే చెప్పాలి, ఆ స్టీలులో నికెల్ ఉంటుంది. గర్భిణులకు సాన్‌యిన్‌జియావ్, బొటనవేలి సందులోని హగూ వద్దు. వీపు మీద, భుజాల మధ్య ఎవరైనా నిలువుగా లోతుగా దించబోతే ఒప్పుకోకండి, కింద ఊపిరితిత్తి ఉంది. చీము పట్టిన చోట, గీరి పచ్చిగా ఉన్న చోట సూది వేయకూడదు. గాట్లు పెట్టి రక్తం లాగే బుడ్డీలు, మీ రక్తమే తీసి మళ్లీ కండలోకి ఎక్కించే పద్ధతి కూడా అక్కడ దద్దుర్లకు చేస్తారు. నేను చేయను, మీకూ చెప్పను.

సూదుల కంటే నాకు భయం పక్క కౌంటరులో ఇచ్చే వాటి మీద. దురదకు రాసే కషాయాల్లో బైశియన్‌పీ అనే వేరు బెరడు తరచుగా ఉంటుంది, దానితో లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. కషాయం తాగాలనే అనుకుంటే మొదలుపెట్టే ముందూ, నాలుగు వారాలకూ లివర్ పరీక్ష చేయించుకోండి. ఇక పేరు లేని డబ్బాలో ‘అచ్చంగా మూలికలే’ అని ఇచ్చే క్రీమ్ మూడు రోజుల్లో అద్భుతంగా పనిచేస్తే అనుమానించాలి. 1999లో బ్రిటన్‌లో అలాంటి 11 క్రీములు పరీక్షిస్తే 8 డబ్బాల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది.

పెదవులో నాలుకో వాచినా, గొంతు బిగిసినా, ఊపిరి ఆడకపోయినా సూదీ లేదు, సెట్రిజినూ లేదు. వెంటనే 120కి, చైనా అంబులెన్సు నంబరుకి, ఫోన్.

మొదలుపెట్టే ముందు ఒక వారం, మాత్ర రోజూ వేసుకుంటూనే, ఫోన్లో రోజుకు రెండు అంకెలు రాయండి. దద్దుర్లు లేకపోతే 0, ఇరవై లోపు 1, యాభై దాకా 2, దాటితే 3. దురదకూ అలాగే, నిద్ర పాడుచేస్తే 3. వారం మొత్తం కూడితే 42లో మీ స్కోరు వస్తుంది. తర్వాత వారానికి మూడుసార్లు చొప్పున నాలుగు వారాలు సూదులు, స్కోరు రాస్తూనే ఉండండి. నడుమ మరీ దురద పుట్టిన రాత్రి గోరు పెట్టకుండా చ్యూచి మీద బొటనవేలితో రెండు నిమిషాలు గట్టిగా నొక్కి, దద్దురు మీద చల్లటి తడిగుడ్డ వేయండి. నాలుగో వారం స్కోరు మొదటి వారానికి సగమైతే ఇంకో నెల కొనసాగించండి. అటూ ఇటూగా అంతే ఉంటే సూదులకు డబ్బు పెట్టడం ఆపేసి, ఆ అంకెల కాగితం పట్టుకుని చర్మ విభాగానికే వెళ్లి మాత్ర మోతాదు సంగతి అడగండి. ఏ వారం ఎంత వచ్చిందో ఇక్కడ రాస్తే చూస్తాను. పెన్ను మూత గీత ఉబ్బిందో లేదో కూడా రాయండి.